మెదడుకు మసి పట్టకుండా చూసుకోవడం ఎలా?

పేరు నాలుక చివరే ఉంటుంది, బయటకు రాదు. గుమ్మం దాటి గదిలోకి వచ్చాక ఎందుకొచ్చామో గుర్తుండదు. యాభై దాటాక ఇలాంటివి నాలుగుసార్లు జరిగితే చాలామంది చేసే మొదటి పని మందుల షాపుకెళ్లి యాంటీఆక్సిడెంట్ సీసా కొనడం. నేనూ కొన్నాను. సీసా మీద కథ ఎప్పుడూ ఒక్కటే: ఇనుము తుప్పు పట్టినట్టే మెదడూ తుప్పు పడుతుంది, ఈ మాత్ర ఆ తుప్పును ఆపుతుంది. అందులో సగం నిజం. ఆ సగం నిజాన్ని చూసి మిగతా సగాన్నీ నమ్మేస్తాం, అక్కడే దెబ్బతింటాం.

ఏం చేయాలో చెప్పేముందు లోపల ఏం జరుగుతోందో కాస్త చూద్దాం. అది తెలిస్తే ఏ పని ఎందుకు చేయమంటున్నానో మీకే అర్థమవుతుంది.

మన బరువులో మెదడు 2 శాతం. మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. నాడీకణాల్లో మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలు పగలూ రాత్రీ మండుతూనే ఉంటాయి. ఆ మంటలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అప్పుడు పుట్టేది సూపర్ ఆక్సైడ్. అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. గాయాలు కడిగే మందులో ఉండేదీ ఇదే. దీనికి అక్కడెక్కడో విడిగా తిరుగుతున్న ఇనుము తగిలిందంటే హైడ్రాక్సిల్ రాడికల్ తయారవుతుంది. అది ఎదురుపడ్డ కొవ్వునీ ప్రొటీన్‌నీ డీఎన్‌ఏనీ కాల్చేస్తుంది.

నిప్పులేనిదే పొగ రాదంటారు. నిప్పు ఉన్నచోట పొగ రాకుండానూ ఉండదు. అందుకే ప్రతి కణంలోనూ పొగను బయటికి పంపే ఏర్పాటు ఉంది: సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, క్యాటలేజ్ వంటి ఎంజైములు, గ్లూటాథయోన్ అనే చిన్న అణువు. వాటిని పొగగొట్టం అనుకోండి. గొట్టం లాగగలిగినదానికన్నా ఎక్కువ పొగ పుట్టే పరిస్థితికే ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు. ఆ మాటకు 1985లో నిర్వచనం ఇచ్చి నిలబెట్టింది జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్.

మెదడుకు ఈ బెడద ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. దాని పొరల్లో తేలిగ్గా కాలిపోయే రకం కొవ్వు, ముఖ్యంగా డీహెచ్‌ఏ, దండిగా ఉంటుంది. కొన్ని భాగాల్లో ఇనుము పేరుకుంటుంది. క్యాటలేజ్ కాలేయంలో ఉన్నంతగా ఇక్కడ ఉండదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, చర్మకణాల్లా నాడీకణాలు ఎప్పటికప్పుడు కొత్తవి రావు. పుట్టినప్పుడు ఉన్నవాటిలో అత్యధిక భాగంతోనే బతుకంతా నెట్టుకురావాలి. వయసు పైబడినవారి నాడీకణాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే పసుపు గోధుమ రంగు రేణువులు కనిపిస్తాయి. వాటి పేరు లిపోఫసిన్. ఆక్సీకరణకు గురైన కొవ్వు, ప్రొటీన్ కలిసి ముద్దగా మారి, కణం అరిగించుకోలేక ఒక మూల పడేసిన చెత్త అది. నేను తుప్పు అనకుండా మసి అంటున్నది అందుకే.

ఇంతకీ సీసా కథలో తప్పెక్కడుంది? సూపర్ ఆక్సైడ్, హైడ్రాక్సిల్ వంటి ఈ దూకుడు అణువులు, అంటే ఫ్రీ రాడికల్సే ముసలితనానికి మూలమని అమెరికన్ శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ 1956లో ప్రతిపాదించాడు. ఆలోచన గొప్పదే, కానీ లెక్క అంత తేలిగ్గా తేలలేదు. తెల్లరక్తకణాలు క్రిములను చంపేది ఈ రాడికల్స్‌తోనే. కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికీ హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. నేకెడ్ మోల్ ర్యాట్ అని, నేల కింద బొరియల్లో బతికే ఒక జంతువుంది. ఎలుకంత ఉంటుంది, ముప్పై ఏళ్లకు పైగా బతుకుతుంది. చిన్నప్పటి నుంచే దాని ఒంట్లో ఆక్సీకరణ నష్టం మామూలు చిట్టెలుకల కన్నా ఎక్కువ! పొగ పూర్తిగా లేకుండా చేయడం మన పని కాదన్నమాట. అనవసరంగా పుట్టే పొగను తగ్గించాలి, గొట్టాన్ని శుభ్రంగా ఉంచుకోవాలి. కింద చెప్పేవన్నీ ఈ రెండింటి కోసమే. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. రెండు వారాలకొకటి చొప్పున కలుపుకుంటూ పోతే మూడు నాలుగు నెలల్లో దారిలో పడతారు.

మొదటి అడుగు: సీసాలన్నీ బల్ల మీద పెట్టండి

ఇంట్లో ఉన్న విటమిన్లు, మూలికల పొడులు, జ్ఞాపకశక్తి మాత్రలు, ఎవరో తెచ్చిచ్చిన పౌడర్ డబ్బాలు, అన్నీ ఒకచోట చేర్చండి. డాక్టర్ రాసిచ్చినవి ఒక వైపు, మీ అంతట మీరు కొన్నవి రెండో వైపు. మొదటి వైపు జోలికి పోవద్దు. రెండో వైపువాటి పేర్లు, మోతాదులు కాగితం మీద రాసుకోండి. ఒకే విటమిన్ మూడు సీసాల్లో ఉండటం చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు ఆ చీటీలో మూడింటి కోసం వెతకండి: క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్, విటమిన్ ఇ, ఐరన్.

ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మందికి పైగా మగవాళ్ల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశతో. 1994లో ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్ తగ్గలేదు సరికదా, బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే మరో పరిశోధనను నష్టం కనిపించడంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పొగతాగేవాళ్లు, ఒకప్పుడు తాగి మానేసినవాళ్లు బీటా కెరోటిన్ మాత్రలు ముట్టుకోకూడదు. క్యారెట్ తినడానికి భయపడనక్కర్లేదు. తిండిలో ఉన్నది వేరు, మాత్రలో కుక్కింది వేరు.

విటమిన్ ఇ సంగతి మెదడుకు ఇంకా దగ్గరిది. మతిమరుపు మొదలై ఇంకా డిమెన్షియా దాకా పోని 769 మందిలో కొందరికి రోజుకు 2000 యూనిట్ల విటమిన్ ఇ మూడేళ్లు ఇచ్చి చూశారు. అల్జీమర్స్‌లోకి జారడం ఆగలేదు. ఆ ఫలితం 2005లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసు మగవాళ్లకు విటమిన్ ఇ, సెలీనియం ఇచ్చినా డిమెన్షియా రాకుండా ఆగలేదని 2017లో తేలింది. దీనికి ముందు 2011లో, రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు పెద్ద మోతాదు విటమిన్ ఇ వల్ల రక్తస్రావం ప్రమాదం కూడా ఉంది.

ఒక మినహాయింపు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. అల్జీమర్స్ ఇప్పటికే ఉన్న రోగులు రోజువారీ పనులు చేసుకునే శక్తి కోల్పోవడం విటమిన్ ఇ వల్ల కొంత నెమ్మదించిందని 2014లో ఒక పరిశోధన చూపించింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. అది డాక్టర్ నిర్ణయించాల్సిన విషయం, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ముందుజాగ్రత్తగా మింగాల్సింది కాదు.

ఐరన్ మాత్రలు ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉన్నవాళ్లకు తప్పనిసరి. లేనివాళ్లు బలం కోసమని మింగితే పైన చెప్పిన హైడ్రాక్సిల్ రాడికల్‌కు కట్టెలు అందించినట్టే. పరీక్షలో ఐరన్ తక్కువని తేలితేనే వేసుకోండి.

గ్లూటాథయోన్ మాత్రలు, సెలైన్‌లో ఎక్కించుకునే గ్లూటాథయోన్ గురించి కూడా అడుగుతుంటారు. నోటి ద్వారా తీసుకుంటే చాలావరకు పేగుల్లోనే ముక్కలవుతుంది. మెదడు తనకు కావాల్సినదాన్ని చాలావరకు తానే తయారుచేసుకుంటుంది. ఆ డబ్బు బీపీ మిషన్‌కు పెట్టండి.

రెండో అడుగు: బీపీ, షుగర్ తేల్చుకోండి

నన్నడిగితే మొత్తం జాబితాలో ఒక్కటే చేసే ఓపిక ఉన్నవాళ్లు దీన్నే చేయాలి. మెదడు ముసలితనం అనగానే అందరూ నాడీకణాల గురించే ఆలోచిస్తారు, వాటికి రక్తం మోసుకొచ్చే వెంట్రుకల కన్నా సన్నటి గొట్టాల సంగతి పట్టించుకోరు. బీపీ ఎక్కువగా ఉన్నప్పుడు రక్తనాళాల గోడల్లోని ఎంజైములు సూపర్ ఆక్సైడ్‌ను అదేపనిగా తయారుచేస్తాయి. నాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను అది మింగేస్తుంది. నాళం బిగుసుకుపోతుంది, బీపీ ఇంకా పెరుగుతుంది. ఈ గొడవ ఏళ్ల తరబడి నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా సాగిపోతుంది.

కొలిచే పద్ధతి ముఖ్యం, ఎందుకంటే ఎక్కువమంది తప్పుగా కొలుస్తారు. మోచేతి పైన కట్టే డిజిటల్ మిషన్ తీసుకోండి, మణికట్టుకు కట్టేది వద్దు. కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చెయ్యి మీద కాకుండా చర్మం మీద పట్టీ కట్టండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకండి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాసుకోండి. ఇలా ఉదయం, సాయంత్రం ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో తీసిన సగటు 135/85 దాటితే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి.

మందు మొదలుపెట్టాక అంకెలు బాగున్నాయని ఆపేయడం అందరూ చేసే తప్పు. మందు వల్లే అవి బాగున్నాయి కదా! పై అంకెను 120 కన్నా కిందికి తెచ్చినవాళ్లలో, 140 లోపు ఉంచినవాళ్లతో పోలిస్తే తేలికపాటి జ్ఞాపక లోపం 19 శాతం తక్కువగా వచ్చిందని అమెరికాలో జరిగిన స్ప్రింట్ మైండ్ పరిశోధన 2019లో తేల్చింది. ఏ మాత్రకూ రాని పేరు బీపీ మందుకు వచ్చిందంటే ఆలోచించాల్సిందే. అయితే 120 అందరికీ సరిపడదు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లు, బాగా వయసు మళ్లినవాళ్లు ఎంత లక్ష్యం పెట్టుకోవాలో డాక్టర్‌నే అడగాలి.

షుగర్‌దీ ఇదే దారి. గ్లూకోజ్ ఎక్కువైతే మైటోకాండ్రియాలోకి ఇంధనం పొంగిపొర్లుతుంది, దారితప్పే ఎలక్ట్రాన్లూ పెరుగుతాయి. గత రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. 5.7 లోపు ఉంటే సరే, 5.7 నుంచి 6.4 దాకా హద్దు మీద ఉన్నట్టు, 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే డయాబెటిస్.

మూడో అడుగు: పొయ్యిని రోజూ రాజేయండి

ఇక్కడ ఒక తమాషా ఉంది. వ్యాయామం చేస్తున్నప్పుడు ఒంట్లో ఫ్రీ రాడికల్స్ తగ్గవు, పెరుగుతాయి. సీసా కథ నిజమైతే నడక మానేసి మంచమెక్కాలి! కానీ ఆ కాసేపటి పొగే కణానికి హెచ్చరిక. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ మేలుకుని కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్ తయారుచేసేవి, విషాలను విరిచేవి అయిన ఎన్నో జన్యువులను ఆన్ చేస్తుంది. కాసేపటి పొగకే గొట్టం వెడల్పవుతుంది.

దీనికి చక్కటి రుజువు 2009లో జర్మనీ నుంచి వచ్చింది. నాలుగు వారాలు వ్యాయామం చేయించిన యువకుల్లో కొందరికి రోజుకు 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, శరీరం సొంత రక్షణ ఎంజైములు పెరిగాయి. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ లాభాలు కనిపించలేదు. హెచ్చరిక గంట మోగకుండా మాత్ర దాని నోరు నొక్కేసింది. వ్యాయామం చేసిన రోజున ఒక పండు తింటే ఏమవుతుందని కంగారు పడకండి. ఒక కమలాపండులో ఉండేది 1000లో పదో వంతు కూడా కాదు.

పద్ధతి ఇది. ఇప్పటిదాకా ఏమీ చేయనివాళ్లు మొదటి వారం రోజుకు పది నిమిషాలు నడవండి. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ ముప్పై, నలభై నిమిషాలకు రండి. వేగం ఎంత ఉండాలంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాట పాడగలిగితే ఇంకాస్త జోరు పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు పని పెట్టండి: కుర్చీలోంచి చేతులు ఆనకుండా పది సార్లు లేవడం, గోడకు చేతులు ఆన్చి తోయడం, బరువులు ఎత్తడం. నడిచేటప్పుడు గుండెలో పట్టేసినట్టున్నా, ఊపిరి అందకపోయినా ఆగి, ముందు డాక్టర్‌ను కలవండి.

ఫలితం కంటికి కనబడుతుందా అంటే, కనబడుతుంది, స్కానింగ్‌లో. 120 మంది పెద్ద వయసువాళ్లను రెండుగా విడదీసి, ఒక జట్టుతో వారానికి మూడు రోజులు, ఒక్కోసారి 40 నిమిషాల దాకా ఏడాది పాటు నడిపించారు. రెండో జట్టుతో ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేయించారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ నడిచినవాళ్లలో సుమారు 2 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. ఇది 2011 నాటి మాట. చిన్న పరిశోధనే, అయినా ఏ సీసా మీదా ఇలాంటి అంకె చూడలేదు నేను.

నాలుగో అడుగు: గురక గురించి పక్కవాళ్లను అడగండి

నిద్ర గురించి రాసేవాళ్లంతా ఏడు గంటలు పడుకోమంటారు. అది సరైనదే, అందరికీ తెలిసినదే. నేను ముందు గురక గురించి అడుగుతాను.

కొందరికి నిద్రలో గొంతు వెనక దారి మూసుకుపోయి ఊపిరి పది సెకన్లు, ఇరవై సెకన్లు ఆగిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తారు, ఆక్సిజన్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఈ పడటం, లేవడం రాత్రంతా గంటకు పదుల సార్లు జరుగుతుంది. ఆక్సిజన్ తగ్గి మళ్లీ ఒక్కసారిగా వచ్చిన ప్రతిసారీ రాడికల్స్ భగ్గుమంటాయి. దీని పేరు స్లీప్ అప్నియా. ఉన్నవాళ్లకు తమకు ఉందని తెలియదు, పక్కన పడుకునేవాళ్లకు తెలుస్తుంది. అందుకే వాళ్లనే అడగండి: గురక మధ్యలో ఆగిపోతోందా? ఉక్కిరిబిక్కిరై లేస్తున్నానా? ఒంటరిగా పడుకునేవాళ్లు ఫోన్‌లో రాత్రి శబ్దం రికార్డు చేసుకోండి. పొద్దున లేవగానే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు, మూడు మందులు వాడినా దిగిరాని బీపీ, ఇవీ గుర్తులే. రాత్రి నిద్రలో ఊపిరిని, ఆక్సిజన్‌ను కొలిచే స్లీప్ స్టడీ చేయించుకుంటే తేలిపోతుంది. మాస్క్ ద్వారా గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం మొదటి వారం చిరాకు పెడుతుంది, మాస్క్ సైజు మార్చి చూడండి, వదిలేయకండి.

మిగతావాళ్లు లేచే సమయం ఒకటి పెట్టుకోండి. పడుకునే సమయం కన్నా ఇది ముఖ్యం. సెలవు రోజున కూడా మార్చకండి. లేచిన గంటలోపు బయటి వెలుతురు కంటపడాలి. నిద్ర కోసం అలర్జీ మాత్రలు వేసుకునే అలవాటుంటే మానండి. డైఫెన్‌హైడ్రమిన్ వంటివి జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్ కోలిన్ అనే రసాయనానికే అడ్డుపడతాయి. మతిమరుపు పోవాలని మతిమరుపు మాత్ర వేసుకున్నట్టవుతుంది.

నిద్రలో మెదడు తనను తాను కడుక్కుంటుందని ఈమధ్య తెగ వినిపిస్తోంది. ఆ మాట 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనతో ఊపందుకుంది. 2024లో ఎలుకల మీదే చేసిన మరో పరిశోధన దానికి అడ్డంగా వచ్చింది. ఆ తగువు వాళ్లు తేల్చుకుంటారు. మనం పడుకుందాం.

ఐదో అడుగు: బయటి పొగ

సిగరెట్ ఒక్క దమ్ములో కోటి కోట్లకు పైగా ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. ఈ వ్యాసంలో మిగతాదంతా పాటించి సిగరెట్ మానకపోతే చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే. మానే తేదీ ఒకటి రాసుకుని, నికోటిన్ గమ్ గానీ ప్యాచ్ గానీ డాక్టర్ సలహాతో తీసుకోండి. మొండి పట్టుదల ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లకన్నా సాయం తీసుకున్నవాళ్లే ఎక్కువగా గట్టెక్కుతారు.

గాలిలోని సన్నటి ధూళి, పీఎం 2.5, ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మీ చుట్టూ ఎంతుందో ఫోన్‌లో చూసుకోండి. ఎక్కువున్న రోజున వాకింగ్ ఇంట్లోకి మార్చుకోండి, బయటికి తప్పనిసరైతే ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్క్ పెట్టుకోండి. వంటగదిలో పొయ్యి వెలిగించకముందే కిటికీ తీయండి, ఫ్యాన్ వేయండి. మద్యం సంగతి రెండు ముక్కల్లో: కాలేయంలో మద్యాన్ని విరిచే ఒక ఎంజైమ్ ఆ పని చేస్తూనే రాడికల్స్ పుట్టిస్తుంది, పైగా ఎక్కువ తాగేవాళ్లలో బీ1 విటమిన్ తగ్గి జ్ఞాపకం నేరుగా దెబ్బతింటుంది. ఎంత తగ్గిస్తే అంత లాభం.

ఆరో అడుగు: పళ్లెం

ఏ పండులో యాంటీఆక్సిడెంట్ ఎంత అని పాయింట్లు వేసే పట్టికలను మర్చిపోండి. పరీక్షనాళికలో వచ్చిన అంకెలకూ ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని, వ్యాపారులు వాటిని ఇష్టమొచ్చినట్టు వాడుకుంటున్నారని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికనే తీసేసింది. మొక్కల్లోని పాలీఫినాల్స్ రక్తంలోకి చేరేది చాలా కొంచెం. అవి నేరుగా పొగను పీల్చేయడం కన్నా, కణాన్ని కాస్త గిల్లి ఎన్‌ఆర్‌ఎఫ్2ను నిద్రలేపడం ద్వారా పనిచేస్తాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

పని తేలిక. పూటకు సగం పళ్లెం కూరగాయలు, అందులో రోజుకొకసారి ఆకుకూర. వారంలో చాలా రోజులు పప్పుదినుసులు. గుప్పెడు ఉప్పులేని గింజలు. మాంసాహారులైతే వారానికి రెండుసార్లు కొవ్వున్న చేప, మెదడు పొరల్లో ఉండే డీహెచ్‌ఏ అందులో దండిగా దొరుకుతుంది. బ్రొకోలీ వండేటప్పుడు ముక్కలు కోసి అరగంట పక్కన పెట్టి తర్వాత వండండి. కోసినప్పుడే దానిలో ఒక ఎంజైమ్ మేలుకుని, ఎన్‌ఆర్‌ఎఫ్2ను నిద్రలేపే సల్ఫోరఫేన్‌ను తయారుచేస్తుంది, వెంటనే వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది.

వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాచకండి. నూనె బాణలిలోనే ఆక్సీకరణ చెందిపోయి, మెదడు కొవ్వు పాడైనప్పుడు పుట్టే రకం ఆల్డిహైడ్లనే హానికర రసాయనాలే అందులోనూ పుడతాయి. నూనె సీసా పొయ్యి పక్కన, ఎండలో పెట్టకండి. కొద్ది కొద్దిగా కొనుక్కోండి.

ఒక్క పథ్యంతో మెదడు మారిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మెదడు కోసమే రూపొందించిన మైండ్ డైట్‌ను 604 మంది మీద మూడేళ్లు పరీక్షించారు. మామూలు తిండి కాస్త తగ్గించి తిన్నవాళ్లకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2023లో తేలింది. అదే ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1260 మందిలో సగం మందికి తిండి, వ్యాయామం, మెదడుకు మేత, బీపీ షుగర్ అదుపు, అన్నీ కలిపి రెండేళ్లు చేయిస్తే వాళ్ల ఆలోచనాశక్తి పరీక్షల్లో తేడా కనిపించింది. తిండి జట్టులో ఒక ఆటగాడు మాత్రమే.

ఏడో అడుగు: చెవులు, కళ్లు, మనుషులు

ఇది ఆక్సీకరణ లెక్కలోకి సూటిగా రాదు, అయినా వదిలేయలేను. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ జీవితంలోని వేర్వేరు దశల్లో మార్చుకోగల 14 కారణాలను లెక్కగట్టి, వాటిని సరిదిద్దగలిగితే డిమెన్షియాలో సుమారు 45 శాతం రాకుండా ఆపడమో వాయిదా వేయడమో వీలవుతుందని చెప్పింది. అందులో వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం ఉన్నాయి. టీవీ సౌండ్ పెంచమంటున్నారని ఇంట్లోవాళ్లు విసుక్కుంటుంటే చెవి పరీక్ష చేయించుకోండి. కంటిశుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి. వాకింగ్‌కు తోడు వెతుక్కుంటే రెండు పనులు ఒకేసారి అయిపోతాయి.

ఎనిమిదో అడుగు: డాక్టర్ దగ్గరకు ఎప్పుడు, ఎలా

ఆక్సీకరణ ఒత్తిడిని కొలుస్తామని రక్తం, మూత్రం తీసుకుని రంగురంగుల రిపోర్టు ఇచ్చేవాళ్లున్నారు. మెదడులో ఏం జరుగుతోందో ఆ రిపోర్టు చెప్పదు. దాన్నిబట్టి ఏ మందు మార్చాలో కూడా తెలియదు. ఆ పరీక్షల జోలికి వెళ్లొద్దు.

పేరు అప్పుడు తట్టక సాయంత్రానికి గుర్తొస్తే భయం లేదు. రోజూ వెళ్లే దారి తప్పడం, చేయి తిరిగిన పనిలో వరస మర్చిపోవడం, డబ్బు లెక్కల్లో తికమక, అడిగిందే పావుగంటలో మూడుసార్లు అడగడం, మీకన్నా ముందు ఇంట్లోవాళ్లు మార్పు గమనించడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. గంటల్లోనో రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి అయోమయం మొదలైనా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆసుపత్రికి అప్పటికప్పుడే పరుగెత్తాలి.

మామూలు మతిమరుపుకు వెళ్లినప్పుడు బీ12, థైరాయిడ్, రక్తహీనత, సోడియం, షుగర్ పరీక్షలు అడగండి. వీటిలో తేడా ఉంటే సరిదిద్దుకోవచ్చు, సరిదిద్దితే జ్ఞాపకం చాలాసార్లు తేరుకుంటుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గానీ, కడుపులో యాసిడ్ తగ్గించే మాత్రలు గానీ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఎక్కువ, ఆ సంగతి తప్పకుండా చెప్పండి. మనసు దిగులుగా ఉంటే దాచుకోకండి. డిప్రెషన్ మతిమరుపు వేషం వేసుకుని వస్తుంది, దానికి మందుంది.

వెంట ఇంట్లోవాళ్లను ఒకరిని తీసుకెళ్లండి. ఏం మర్చిపోతున్నారో మర్చిపోయేవాళ్లకు గుర్తుండదు కదా. బీపీ రాసుకున్న కాగితం, హెచ్‌బీఏ1సీ రిపోర్టు, గురక రికార్డింగ్ ఉంటే అది, వాడుతున్న మందులన్నీ ఒక సంచీలో వేసుకెళ్లండి. మొదటి అడుగులో బల్ల మీద రెండో వైపు పెట్టిన సీసాలు కూడా.